అత్తయ్య కొబ్బరితోట, మా కందిరీగలు

పోయిన నెలలో గుడివాడ బస్టాండు దగ్గర ఎరువులూ పురుగుమందులూ అమ్మే ఒక కొట్టుకి, మా డాబా మీది గులాబీలకి వేపనూనె కొనుక్కుందామని వెళ్లి, ఒక్క సీసా కూడా కొనకుండా కొట్టతనితో దెబ్బలాడి బయటికొచ్చాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషిని, నలుగురిలో గొంతు పెంచడం నాకు మాత్రం బాగుంటుందా? కానీ ఆ పెద్దమనిషి కొట్టు ముందు దండెం కట్టి, దానికి బట్టల క్లిప్పులతో ట్రైకో కార్డులు వేలాడదీశాడు. వ్యవసాయంతో సంబంధం ఉన్న మన వయసువాళ్లకి అవేమిటో తెలిసే ఉంటుంది. పోస్టుకార్డంత అట్ట, దాని మీద గసగసాలు అంటించినట్టు పురుగు గుడ్లు, ఒక్కో గుడ్డులో కంటికి ఆనని కందిరీగ పిల్ల. ఆ అట్టముక్కని పైరులో ఆకు అడుగున కుట్టి వదిలేస్తే ఆ పిల్లలు పైకొచ్చి, వరి కాండం తొలిచే పురుగు గుడ్లు ఎక్కడున్నాయో వెతుక్కుని, వాటిలో తమ గుడ్లు పెట్టి, పురుగుని పుట్టకముందే చంపేస్తాయి. అలాంటి ప్రాణాల్ని తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేశాడు! లోపల ఉడికి చచ్చి ఉంటాయి నాయనా అంటే, అతను నవ్వి, "కార్డుకి ఇన్ని వేలని కంపెనీవాళ్లే లెక్కగట్టి ఇస్తారండీ, లెక్కలో తేడా రాదు మేడం" అన్నాడు.

ఆ మాట విన్నాక ఇక నాకు కోపం ఆగలేదు. సరిగ్గా అదే మాట నేనూ ఒకప్పుడు అన్నాను, అదీ ఎవరో ముక్కూ మొహం తెలియని రైతుతో కాదు, మా మేనత్తతో.

బందరులో బి.ఎస్సీ. జువాలజీ పూర్తిచేసి, ఇంట్లో ఖాళీగా కూర్చుని అమ్మచేత తిట్లు తింటున్న రోజుల్లో, ఊరి చివర ఒక అద్దె పెంకుటింట్లో నడిచే చిన్న ప్రయోగశాలలో నాకు సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. అది ఏ శాఖదో, ఎవరి కిందిదో చెప్పను, ఇన్నేళ్ల తర్వాత ఎవర్నీ రచ్చకీడ్చాలని లేదు. కొబ్బరి మట్టల్ని తినేసే నల్లతల పురుగు మీదికి వదలడానికి కందిరీగల్ని పెంచడం అక్కడ మా పని. కందిరీగలంటే చూరు కింద గూడు కట్టి, కుడితే మూతి వాచిపోయేవి కావు. ఇవి బియ్యపు గింజలో సగం ఉంటాయి, మనిషి జోలికి రావు. కాగితాల మీద వాటిని బదనికలని రాసేవాళ్లం. మామిడి కొమ్మ మీద మొలిచి చెట్టు సారం పీల్చే బదనిక మీకు తెలుసు కదా, ఇవీ అలాగే పురుగు మీద బతుకుతాయి, కాకపోతే చివరికి దాన్ని చంపి మరీ వదులుతాయి.

వాటిని పెంచే తీరు చూస్తే ఎవరైనా ముచ్చటపడేవారు. ముందు జొన్న నూకలో బియ్యం పురుగుల్ని పెంచేవాళ్లం. అవి బాగా బలిశాక, ఒక లాంతరు చిమ్నీ తీసుకుని, దాని మూతికి పల్చటి గుడ్డ బిగించి, గుడ్డ మీద పురుగుల్ని వరసగా పేర్చి, పైన ఇంకో గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేసేవాళ్లం. చిమ్నీ లోపల దూదికి అద్దిన తేనె తాగి బలం పుంజుకున్న ఆడ కందిరీగ, ఆ గుడ్డలోంచే తన సూది దింపి పురుగుని కుట్టేది. పురుగు వెంటనే చావదు, కదలలేక పడి ఉంటుంది, ఆ ఒంటి మీదే గుడ్లు పెట్టేది. పిల్లలు దాన్ని తిని పెరిగి, తెల్లటి చిన్న చిన్న గూళ్లు కట్టుకుని, పది పన్నెండు రోజుల్లో రెక్కలతో బయటికొచ్చేవి. ఈ మొత్తం కథలో మగదానికి పనేమీ లేదు, తేనె తాగడం, ఆడవాటి వెనక తిరగడం తప్ప. ఈ సంగతి నేను చెబితే, మేమంతా బాబాయ్ అని పిలుచుకునే మా అటెండరు, "ఎక్కడైనా అంతేలే అమ్మాయ్" అని ఎంతో అనుభవంతో తలూపేవాడు. ఆ గదిలో బియ్యం పురుగులు రెక్కలొచ్చి ఎగిరినప్పుడు రాలే సన్నటి పొడి పీల్చి పీల్చి నాకు దగ్గు పట్టుకుంది. ఇప్పటికీ ముసురు పట్టిందంటే మొదలవుతుంది, డాక్టరు దుమ్ము పడదంటాడు, అది ఏ దుమ్మో నాకు తెలుసు.

మా ఆఫీసరు గారు చెడ్డవారు కారు, ఆ మాట ముందే చెప్పాలి. ఈ కందిరీగల మొదటి జతల్ని ఎక్కడో పెద్ద ప్రయోగశాల నుంచి రైల్లో, ఒళ్లో పెట్టుకుని, రెండు రోజులు కునుకు తీయకుండా ఆయనే తెచ్చారట. నేను చేరకముందు ఒకసారి ఎవరో తోటలోంచి పట్టుకొచ్చిన పురుగులతో పాటు కందిరీగ పిల్లల్ని తినేసే నల్లుల్లాంటి సన్నటి పురుగులు గదిలోకి వచ్చి, పెంపకం మొత్తం తుడిచిపెట్టుకుపోయే పరిస్థితి వచ్చిందట. అప్పటినుంచి ఆయనకి బయటి పురుగంటే ప్రాణభయం. కిటికీలకి రెండు వరసల తెర, గుమ్మం బయటే చెప్పులు, తోట నుంచి వచ్చినవాళ్లు స్నానం చేస్తే గానీ లోపలికి రాకూడదు. ఎవరైనా చూడటానికి వస్తే ఆయన చిమ్నీల వరస చూపించి, "మొదట్నించీ ఒకటే వంశమండీ, కల్తీ లేదు" అనేవారు, ఇంటి నెయ్యి గురించి చెప్పినంత గర్వంగా. ఆ గర్వం మా అందరికీ అంటుకుంది.

ఆ రోజుల్లోనే మా అత్తయ్య తోటకి నల్లతల పురుగు పట్టింది.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. దివిసీమలో, నాగాయలంక దాటి ఇంకా కిందికి, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్లో ఉండేది. చిన్న వయసులోనే మావయ్య పోయాడు, పిల్లలు లేరు. నాన్నగారు బందరు వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా, ఒకరి గుమ్మంలో చెయ్యి చాపి కూర్చోవడం తనవల్ల కాదని అక్కడే ఉండిపోయింది. ఉప్పెనలో ఉన్నదంతా పోయాక ఒక్కతే చవిటినేల తవ్వుకుని, మంచినీళ్లు కావిడితో మోసి, నలభై కొబ్బరి మొక్కలు బతికించుకుంది. అవి అప్పుడప్పుడే కాపుకొచ్చి, దింపిన ప్రతిసారీ నాలుగు కాయలు కనబడి, ఆవిడ ఎవర్నీ అడక్కుండా తన తిండి తాను తినే రోజులొచ్చాయి. ఆవిడ బతుకంతా ఆ నలభై చెట్లే.

సరిగ్గా అప్పుడు మట్టలు కింది వరస నుంచి కాలినట్టు ఎండిపోవడం మొదలైంది. చుట్టుపక్కల వాళ్లంతా చెట్టు వేరు ఏటవాలుగా కోసి, మందు పోసిన ప్లాస్టిక్ సంచిలో ముంచి కట్టారు, వేరు ఆ మందు తాగితే ఆకు తిన్న పురుగు చస్తుంది. అత్తయ్య కూడా మందు తెప్పించుకుంది. నేను ఆదివారం వెళ్లి ఆ మందు డబ్బా అటకెక్కించాను. విషం ఎందుకత్తయ్యా, మా పురుగుల్ని తెచ్చి వదులుతాను, సీసాకి ఇన్నని లెక్కపెట్టి మరీ తెస్తాం, లెక్కలో తేడా రాదు అన్నాను. మా ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లని నేను, నా మాట ఆవిడకి బైబిలు వాక్యంతో సమానం. ఆ సాయంత్రం గుడిలో సాక్ష్యాల వేళ అత్తయ్య లేచి నిలబడి, "మా అమ్మాయి పెంచే ఆ పురుగుల్ని కూడా దీవించు తండ్రీ" అని ప్రార్థించింది, పాస్టరుగారు ఒక్క క్షణం తడబడి ఆమెన్ అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది.

మొదటి విడత కందిరీగల్ని తీసుకెళ్లిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. గాజు గొట్టాలకి గుడ్డ కట్టి, తడి తువ్వాల్లో చుట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని, అవనిగడ్డ బస్సులో ఎండ పడని వైపు సీటు కోసం కండక్టరుతో తగువు పెట్టుకుని మరీ కూర్చున్నాను. తోటలో అత్తయ్య నిచ్చెన వేసి సిద్ధంగా ఉంది. వదిలేముందు, పురుగుని కుట్టే ఆ సూది ఎట్టా ఉంటుందో చూపించమంది. నేను గొప్పగా భూతద్దం తీసి, గొట్టం వెలుగుకి పెట్టి, ఆడదాని కోసం వెతికాను. ఆడదానికి తోక చివర వెంట్రుకలాంటి సూది ఉంటుంది, మగదానికి సూది ఉండదు, మీసాలు మాత్రం పొడుగు. చూస్తే అన్నీ పొడుగు మీసాలే. గొట్టం తిప్పాను, ఇంకో గొట్టం తీశాను, అందులోనూ మీసాలే. చాలాసేపు వెతికాక ఒక మూల ఒక్క ఆడది దొరికింది, దాన్నే అత్తయ్యకి చూపించాను. ఆవిడ ఒక కన్ను మూసి చూసి, "ఇంత చిన్నదే! దీనికెంత తెలివిచ్చాడే దేవుడు" అని మురిసిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. గొట్టాల మూతులు విప్పి, ఎందుకూ కొరగాని ఆ మగమహారాజులందర్నీ ఆవిడ చెట్ల మీదికి వదిలేసి, టీ తాగి బస్సెక్కాను.

మేము ఇన్నాళ్లూ లెక్కపెట్టింది తెల్లటి గూళ్లని. గూటిలో ఉన్నది ఆడో మగో ఎవరికి కావాలి? పురుగు పురుగే. మరునాడు చిమ్నీలన్నీ వరసగా చూశాను. నేను చేరిన కొత్తలో పదింటికి ఆరో ఏడో ఆడవి కనబడేవి, ఇప్పుడు పదింటికి రెండు దొరకడం గగనం, పైగా చాలా గుడ్లు పిల్లలే కావడం లేదు. ఆఫీసరు గారి బీరువాలో అట్ట ఊడిన ఒక పాత పుస్తకం ఉండేది, మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని చదివాను. ఈ కందిరీగల్లో తండ్రి కలిస్తే పుట్టేది ఆడపిల్ల, తండ్రి కలవకుండా తల్లి ఒక్కతే పెట్టిన గుడ్డు మగపిల్లవాడు. అంటే మగదానికి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. ఇదొక వింతైతే, దీని మీద ఇంకో వింత ఉంది. తండ్రి కలిసినా సరే, ఆడామగా తేల్చే ఒక జన్యువు తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి వేరే రకం వస్తేనే ఆడది పుడుతుంది, రెండూ ఒకే రకమైతే ఆ గుడ్డు ఆడది కావాల్సింది కాస్తా మగదైపోతుంది. అదీ పనికొచ్చే మగది కాదు, చాలా మటుకు గుడ్డులోనే పోతుంది, బతికినా దానికి పిల్లలు కలగవు. బయటి రక్తం రాకుండా అన్నాచెల్లెళ్ల మధ్యే తరాల తరబడి కలుస్తూపోతే ఒకే రకాలు కలవడం పెరిగిపోతుంది. కల్తీ లేని ఒకే వంశమని మేము మురిసిపోయింది దీన్ని చూసే! మనుషుల్లో మేనరికాలు మన ఇళ్లల్లో ఎన్ని లేవు, అవి వేరే సంగతి. కానీ కిటికీకి రెండు తెరలు కట్టి మా చేతులతో మేమే మా పెంపకాన్ని చెడగొట్టుకున్నామని తెలిసిన ఆ మధ్యాహ్నం, నా అన్నం గిన్నెకి మూత పెట్టేసి, పుస్తకం పట్టుకుని లేచాను.

దీనికి మందు కూడా ఆ పుస్తకంలోనే ఉంది, అదీ ఎంతో తేలికైనది. పురుగు పట్టిన తోటల్లో ఈ జాతి కందిరీగలు వాటంతటవే కొద్దో గొప్పో తిరుగుతుంటాయి. గూళ్లున్న కొబ్బరి ఆకులు కోసుకొచ్చి, విడిగా వేరే గదిలో ఒక తరం పెంచి, నల్లులు లేవని చూసుకుని, మా వాటితో కలిపితే చాలు. నేను ఆ రోజే ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన చివరిదాకా విని, భూతద్దంలో తనూ చూశారు. తర్వాత, "నెలవారీ కాగితంలో పెంచినవెన్ని, వదిలినవెన్ని అనే ఉందమ్మా, ఆడవెన్ని అని లేదు" అన్నారు. బయటి పురుగుని తెస్తే మళ్లీ అన్నీ పోతాయి, అప్పుడు ఎవరు జవాబు చెబుతారన్నారు. నేను మళ్లీ అడిగాను, ఇంకో వారం పోయాక మళ్లీ అడిగాను. మూడోసారి ఆయన కసిరారు. నేను తాత్కాలికపు ఉద్యోగిని, నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అత్తయ్య తోటకి ఇంకో రెండు విడతలు తీసుకెళ్లాను. ఏం తీసుకెళ్తున్నానో తెలిసే తీసుకెళ్లాను. ఉన్న ఆ ఒకటీ అరా ఆడవైనా పని చెయ్యకపోతాయా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అత్తయ్య మాత్రం ఇరుగుపొరుగు వాళ్లు వేరుమందు కట్టుకోమని నెత్తీనోరూ కొట్టుకుంటున్నా, "మా అమ్మాయి మాటంటే మాటే" అని కూర్చుంది. కిందివరస మట్టలు పోయాయి, నడిమివరస పోయాయి, గెలల్లో పిందెలు రాలిపోయాయి. చివరికి నేనే అటక మీది డబ్బా దింపి, కాయల దింపు తీసే మనిషిని పిలిచి వేళ్లకి మందు కట్టించాను, అప్పటికే ఆలస్యమైపోయింది. సగం చెట్లు మళ్లీ కోలుకోనే లేదు, మిగిలినవాటికి రెండేళ్లు కాయ లేదు. ఇంకొకరి గుమ్మంలో కూర్చోనని పంతం పట్టిన మనిషి, ఒక రేకు పెట్టెతో బందరులో మా గుమ్మంలోకి వచ్చింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి అమ్మకంటే ముందు పొయ్యి వెలిగించేది, రెండో ముద్ద వద్దనేది. వడ్డించేటప్పుడు ఆవిడ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడం చూసిన ప్రతిసారీ నాకు మా ఆఫీసరు గారి మీద మండిపోయేది. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాక కూడా మండుతూనే ఉండేది.

తర్వాత కాలం మారింది, ఒప్పుకోవాలి. ఉద్యోగం పర్మనెంటయి నేను వేరే ప్రయోగశాలకి వెళ్లేసరికి, అక్కడ ఆడామగా లెక్క వేరువేరుగా రాసేవాళ్లు, ఏటా తోటల నుంచి కొత్తవాటిని తెచ్చి కలిపేవాళ్లు. దేనికోసం మూడుసార్లు బతిమాలి తిట్లు తిన్నానో, అది అక్కడ రోజువారీ పని. కొత్తగా చేరిన పిల్లలకి నేనే నేర్పేదాన్ని, వాళ్లు ఇందులో ఏముందండీ అన్నట్టు చూసేవాళ్లు. ఇంకోవైపు అత్తయ్య తోట, ఆ చుట్టుపక్కల తోటలూ ఒకటొకటిగా తవ్వి రొయ్యల చెరువులు చేశారు. పని సరిగ్గా చెయ్యడం మాకు తెలిసేనాటికి, ఆ పని అవసరమైన తోటే అక్కడ లేదు.

అత్తయ్య ఆఖరి రోజుల్లో మంచం పట్టాక, ఒక సాయంత్రం తల దువ్వుతూ ఉన్నదంతా చెప్పేశాను. మొదటి రోజే మగవని చూశాననీ, విరుగుడు పుస్తకంలోనే ఉన్నా ఆఫీసరు గారు ఒప్పుకోలేదనీ, మీ తోటలో తిరిగే కందిరీగలు పది తెచ్చి కలిపితే సరిపోయేదనీ చెప్పాను. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ తల నా వైపు తిప్పి, "నాతో ఒక్క మాట అంటే ఆకుల మూట నేనే కట్టుకొచ్చేదాన్ని గదే. మా వరండాలో చిమ్నీలు పెట్టుకుని ఇద్దరం పెంచేవాళ్లం. లాంతరు చిమ్నీలే గదా, మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నయ్యి" అంది.

నిజమే. చిమ్నీలు, పాత గుడ్డలు, జొన్న నూక, ఒక తేనె చుక్క. నిష్ఠగా ఒక్కో చెట్టుకి కావిడితో నీళ్లు మోసిన మనిషికి ఇదొక పనా! దీనికి ఆఫీసరు గారి అనుమతే అక్కర్లేదు, నాకే అత్తయ్యని అడగాలన్న ఆలోచన రాలేదు. చదువుకోని ఆవిడకి ఈ సైన్సు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అన్నేళ్లూ ఆయన మీద కోపం పెట్టుకుని నేను హాయిగా బతికాను, ఆ సాయంత్రంతో ఆ కోపం పెట్టుకునే చోటు పోయింది. ఇప్పుడు ఆఫీసరు గారూ లేరు, అత్తయ్యా లేదు. కోపం మాత్రం ఉంది, నాతోనే ఉంటోంది.